కోయంబేడు మార్కెట్ మూసివేత: ఆలస్యమా, తొందరపాటా?

పెరంబూరు వాసి:
2020 మే 5న చెన్నైలోని కోయంబేడు టోకు కూరగాయల మార్కెట్‌ను మూసేనాటికే అక్కడి నుంచి కరోనా తమిళనాడులోని పలు జిల్లాలకూ, సరిహద్దు దాటి మన చిత్తూరు, నెల్లూరు జిల్లాలకూ పాకిపోయింది. ప్రజారోగ్యం, జీవనోపాధి రెండింటినీ కాపాడే విషయంలో నాటి ముఖ్యమంత్రి పళనిస్వామి ప్రభుత్వం సరిగ్గానే నడుచుకుందా? ఇక్కడి తెలుగువారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.

విల్లివాక్కం వాసి:
జరిగింది తాత్సారమే. మార్కెట్‌ను విడదీసి వేరే చోట్లకు మార్చాలని అధికారులు ముందే అడిగారు, వ్యాపారులు ససేమిరా అన్నారు, ప్రభుత్వం నాన్చింది. పైగా ఏప్రిల్ 26 నుంచి నాలుగు రోజులు సంపూర్ణ లాక్‌డౌన్ అని 24న ప్రకటించేసరికి, 25న జనం కూరగాయల కోసం కోయంబేడుకు ఎగబడ్డారు. ఎవరూ గుమికూడకూడదని తీసుకున్న నిర్ణయంతోనే అంతమంది గుమికూడారు. నాలుగైదు రోజుల ముందే చెప్పి, వీధివీధికీ బండ్ల మీద కూరగాయలు పంపే ఏర్పాటు చేసి ఉంటే ఆ రద్దీ తప్పేది.

మాధవరం వాసి:
ఆ తేదీలతో నాకు పేచీ లేదు గానీ, మార్కెట్‌ను నమ్ముకున్నవారిలో పెద్ద వ్యాపారులు కొందరే. మా బంధువులకు అక్కడ టమాటా మండీ ఉంది. మదనపల్లె వైపు నుంచి లారీ రాత్రి చేరితే తెల్లవారేలోగా సరుకు దిగాలి, అమ్ముడుపోవాలి. ఎండెక్కితే ధర పడిపోతుంది. దించే హమాలీకి పెట్టె లెక్కన కూలి. ఆ రాత్రి బరువు మోయకపోతే మర్నాడు చేతిలో పైసా ఉండదు కాబట్టి, ఒళ్లు కాలిపోతున్నా అతడు ఎవరికీ చెప్పడు. ఏప్రిల్‌లో ప్రభుత్వం బియ్యం కార్డుదారులకు వెయ్యి రూపాయలు ఇచ్చింది, కాదనను. అయితే మార్కెట్‌లోనే పడుకుంటూ, కార్డు ఆంధ్రలోని సొంత ఊళ్లో ఉన్న హమాలీకి అది అందే దారే లేదు. జ్వరమని చెప్పుకున్నవాడికి రెండు వారాల కూలి చేతిలో పెట్టి ఉంటే, అతడి ఇల్లూ గడిచేది, పక్కనున్నవాళ్లకు జబ్బూ అంటేది కాదు.

విల్లివాక్కం వాసి:
మాధవరం గారూ, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? మార్కెట్ మూసిన రెండు రోజులకే, మే 7న, చెన్నై వెలుపల ప్రభుత్వమే నడిపే టాస్మాక్ మద్యం దుకాణాలు తెరిచారు. మర్నాడే మద్రాసు హైకోర్టు మూయమంది. 15న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. మద్యం ఆదాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారంటే ఖజానా పరిస్థితి ఏమిటో మీరే ఆలోచించండి.

మాధవరం వాసి:
ఖజానా సంగతి ఒప్పుకుంటాను. డబ్బు తక్కువైనప్పుడే ఎవరికి ఇవ్వాలో చూసి ఇవ్వాలి. పొరుగున కర్ణాటక మే 6న ప్రకటించిన 1,610 కోట్ల రూపాయల ప్యాకేజీలో క్షురకులకు, రజకులకు, ఆటో, ట్యాక్సీ డ్రైవర్లకు తలా 5,000 రూపాయలు ఇస్తామంది. అదే వారంలో బిల్డర్లతో సమావేశమయ్యాక వలస కూలీల రైళ్లను రద్దు చేసి, విమర్శలు వెల్లువెత్తాక వెనక్కి తగ్గింది. ఆ పనిని మాత్రం నేను ఎన్నటికీ సమర్థించలేను. కానీ వృత్తిని బట్టి సాయం చేయవచ్చన్న ఆలోచన మంచిదే. కోయంబేడులో ఎవరెవరు బరువు మోస్తారో మండీ యజమానులకు తెలుసు. మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ మొదలైనప్పుడే వారి దగ్గర పేర్లు తీసుకుని ఉండవలసింది.