డెన్వర్‌లో మొదటి స్నో ఎప్పుడో పాత తేదీలు చూసి చెప్పొచ్చా?

గుంటూరు_కారం
అమ్మానాన్న అక్టోబర్ మొదట్లో వస్తున్నారు. రిటర్న్ నవంబర్ 12న. అమ్మకి కోరిక ఒక్కటే, స్నో పడుతుంటే కిటికీలోంచి చూడాలి. మంచు అంటే ఆవిడ లెక్కలో ధనుర్మాసంలో ముగ్గేస్తుంటే కొంగు తడిపేది. ఇది వేరేనమ్మా అంటే “అదేలే, కాస్త ఎక్కువ పడుతుందంతేగా” అంటోంది.

1882 నుంచి ఉన్న రికార్డు ప్రకారం ఇక్కడ మొదటి స్నో సగటు తేదీ అక్టోబర్ 18. అంటే నాకు మూడు వారాలు పైనే చేతిలో ఉన్నాయి. పైగా లా నినా (పసిఫిక్ సముద్రం మధ్యలో నీళ్లు మామూలు కంటే చల్లబడటం) వస్తే తొందరగా పడుతుందని ఆఫీసులో ఒకాయన అన్నాడు. ధైర్యంగా ఉండొచ్చా? టికెట్ మార్చాలంటే ఛార్జీ బాగానే గుంజుతున్నారు.

పార్కర్_బాబాయ్
తమ్ముడూ, సగటుని నమ్ముకుని అమ్మకి మాటివ్వకు.

2020లో లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవు) నాడు 90 ఫారెన్‌హీట్ దాటిన ఎండ. మర్నాడు, సెప్టెంబర్ 8న, స్నో! రాత్రి పదింటికి టార్చ్ లైటు పట్టుకుని గోంగూర మీద పాత దుప్పట్లు కప్పాను. పొద్దున్నకి తడిసిన దుప్పటి బరువుకి కాడలన్నీ నడుముకి విరిగాయి. బీరపాదు సంగతి అడగొద్దు. మరుసటేడు డిసెంబర్ 10 దాకా కొలవదగ్గ స్నోనే లేదు. అంతకుముందు ఆలస్యం రికార్డు 1934 నవంబర్ 21. మీ ఆఫీసాయనకి చెప్పు, 2020, 2021 చలికాలాలు రెండూ లా నినావే.

ఇక్కడ చలి ఒక్కటే చాలదు. తూర్పుగాలి తేమని మోసుకొచ్చి కొండల వైపు ఎక్కాలి. దీన్నే అప్‌స్లోప్ అంటారు. పడమటి నుంచి కొండలు దిగే గాలి దిగేకొద్దీ వేడెక్కి పొడిబారిపోతుంది. గాలి ఎటు తిరుగుతుందో వారం ముందు తెలిస్తే గొప్ప.

పాత డేటా దండగ అనను, అడిగే తీరు మార్చు. సగటు తియ్యకు. నవంబర్ 12 లోపు ఎన్నేళ్లు పడిందో లెక్కపెట్టి, మొత్తం ఏళ్లతో భాగించు. గత ముప్పై ఏళ్లకి విడిగా ఒకసారి చెయ్యి. ఇంకోటి, అధికారిక కొలత ఎయిర్‌పోర్టు దగ్గరది. మేముండే పార్కర్ ఊరు ఇంకాస్త ఎత్తు. అక్కడ వాన పడుతుంటే మా ఇంటి ముందు తెల్లగా ఉన్న రోజులున్నాయి.

గుంటూరు_కారం
లెక్క చేశా బాబాయ్. ఎక్కువ ఏళ్లు 12 లోపే పడింది కానీ, తప్పిపోయిన ఏళ్లు చూస్తే టెన్షన్ వస్తోంది. 2021కి ముందు ఒక్కసారి కూడా నవంబర్ 21 దాటలేదు కదా, టికెట్ 24కి మార్చేస్తే?

లిటిల్‌టన్_లక్ష్మి
మార్చండి, కానీ మీ ఇంటి కిటికీనే నమ్ముకోకండి. అక్టోబర్‌లో కొండల్లో పడుతుందన్న రోజు చూసి లవ్‌ల్యాండ్ పాస్ అనే కనుమ వైపు తీసుకెళ్లండి. దాదాపు 12 వేల అడుగులు. అమ్మగారికి బీపీ ఉంటే ముందు డాక్టర్ని అడగండి, పైన ఆయాసం వస్తుంది. రోడ్డు తెరిచి ఉందో లేదో, టైర్ల రూల్ ఏమిటో కూడా చూసుకోండి.

మా అత్తగారు సాక్సుల మీద చెప్పులేసుకుని దిగారు, ఎంత చెప్పినా వినలేదు. పులిహోర తెచ్చిన స్టీల్ డబ్బా ఖాళీ చేసి అందులో స్నో కూరుకున్నారు. ఇంటికొచ్చేసరికి అడుగున పసుపుపచ్చ నీళ్లు, రెండు ఆవాలు!

గుంటూరు_కారం
24కి మార్చేశా. అమ్మకి ఫోన్లో చెప్తే “ఇంకో పన్నెండు రోజులు గేదెకి ఎవరు మేతేస్తార్రా” అంది. నాన్న మాత్రం ఖుషీ. ఇంతకీ గడ్డకట్టి పగలకుండా లాన్ స్ప్రింక్లర్ పైపుల్లో నీళ్లు స్నోకి ఎన్నాళ్ల ముందు ఊదించాలి?

పార్కర్_బాబాయ్
దానికీ స్నోకీ ముడిపెట్టకు. ఫ్రీజ్, అంటే నీళ్లు గడ్డకట్టే చలి, మామూలుగా స్నో కంటే ముందే, అక్టోబర్ మొదట్లోనే వస్తుంది. సెప్టెంబర్‌లోనే మనిషిని మాట్లాడుకో, తర్వాత ఎవడూ ఫోనెత్తడు.