మిడ్‌నైట్స్ చిల్డ్రన్ సినిమా తేలిపోయింది, నవల కూడా ఇంతేనా?

గోదారిగట్టు:
సిద్ధార్థ్, శ్రియ ఉన్నారు కదా అని నిన్న రాత్రి ఈ సినిమా పెట్టాను. సల్మాన్ రష్దీ నవల ఎప్పుడో మొదలుపెట్టి ముప్పై పేజీల్లోపే పక్కన పడేశా, సినిమాగా చూస్తే అయినా బుర్రకెక్కుతుందేమో అనుకున్నా. కథైతే అర్థమైంది. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి పుట్టిన ఇద్దరు పిల్లల్ని నర్సు మార్చేస్తుంది, ఒకడు డబ్బున్న ఇంట్లో, ఇంకొకడు వీధుల్లో పెరుగుతారు. ఇది మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కదండీ! దీనికి 1981లో బుకర్ ప్రైజు, మళ్ళీ 1993లో బుకర్లన్నిట్లో బెస్ట్ అని ఇంకోటి ఎందుకిచ్చినట్టు? పైగా స్క్రీన్‌ప్లే కూడా రష్దీదే.

ఊరగాయజాడీ:
మీరు చూడనిది పద్మని. సినిమాలో ఆవిడే లేదు మరి.

నవలలో సలీం, అదే డబ్బున్న ఇంట్లో పెరిగినవాడు, తన కథ చెప్పేది ఊరగాయల ఫ్యాక్టరీలో పనిచేసే పద్మకి. రాసింది చదివి వినిపిస్తుంటే ఆవిడ విసుక్కుంటుంది, గదమాయిస్తుంది, అసలు సంగతికి రమ్మని వెంటపడుతుంది. పడదా మరి, 1915లో కాశ్మీరులో తాత నమాజు చేస్తూ ముక్కు నేలకి కొట్టుకున్న దగ్గర మొదలెట్టి, తను పుట్టడానికే వంద పేజీలు దాటించేస్తాడు. ఒకసారి ఆవిడ అలిగి వెళ్ళిపోతే మనవాడి కథ పట్టు తప్పుతుంది. గాంధీ హత్య తేదీ కూడా తప్పు చెబుతాడు, తప్పని తెలిశాక కూడా దిద్దడు. వీణ్ణి నమ్మాలా వద్దా అని పద్మతో పాటు మనమూ కొట్టుకుంటుంటాం, మజా అంతా అందులోనే. పిల్లలు తారుమారవడం పాత బొంబాయి ఫార్ములా అని రష్దీకి తెలియక కాదు, కావాలనే తెచ్చుకున్నాడు. సినిమాలో పద్మని తీసేసి, ఆ చోట తన సొంత గొంతుతో వాయిస్ ఓవర్ పెట్టాడు. అడ్డుతగిలే మనిషి లేకపోయేసరికి చివరికి ఫార్ములానే మిగిలింది.

సెకండ్‌షో:
అన్నీ పద్మ మీదకి తోసేస్తే ఎలా అన్నా? అరవై ఏళ్ళ పైచిలుకు కథని రెండున్నర గంటల్లో కుక్కితే ఎవరు తీసినా అంతే. 1990ల్లో బీబీసీ వాళ్ళు ఐదు భాగాల సీరియల్‌గా తీయబోయారు, శ్రీలంక పర్మిషన్ వెనక్కి తీసుకోవడంతో అటకెక్కింది. 2011లో ఈ సినిమా డైరెక్టర్ దీపా మెహతా మళ్ళీ అక్కడికే పోయి వేరే పేరుతో గుట్టుగా షూటింగ్ పెట్టుకుంటే, ఇరాన్ అభ్యంతరం చెప్పిందని మధ్యలో ఆపించారు కూడా. అయినా పూర్తిచేసింది, అందుకు మెచ్చుకోవాలి. నర్సు మేరీగా సీమా బిశ్వాస్ బాగా చేసింది. సిద్ధార్థ్‌నే వాడుకోలేదు. అతను వేసిన శివ, అదే వీధుల్లో పెరిగినవాడు, అంటే నవలలో సలీంకి వణుకు, సినిమాలో ఆ భయం నాకెక్కడా కనపడలేదు.

గోదారిగట్టు:
పద్మ సంగతి విన్నాక పుస్తకం మళ్ళీ తీయాలనిపిస్తోంది. కానీ ఆ ఇంగ్లిష్... డిక్షనరీ పక్కన పెట్టుకోవాలా?

ఊరగాయజాడీ:
అక్కర్లేదండీ. కాసేపు పైకి చదవండి. కామాలు లేకుండా నాలుగు మాటలు కలిపేస్తుంటాడు, కంటికి అడ్డం పడుతుంది గానీ నోటికి హాయిగా ఉంటుంది. చరిత్ర అంతా వెతుక్కుంటూ కూర్చోకండి, ఎమర్జెన్సీ గురించి కాస్త తెలిస్తే చాలు. (ఇందులో ఒక్క వాక్యం మీద ఇందిరా గాంధీ 1984లో బ్రిటన్‌లో కేసు వేస్తే దాన్ని పుస్తకంలోంచి తీసేశారు.) సుందర్‌బన్ అడవుల చాప్టర్ దగ్గర ఆగిపోతే మొహమాటపడకుండా దూకేయండి, నేను ఇప్పటికీ దూకేస్తా.