టర్కీ చిల్లీలో బీన్స్ వేయాలా, మానాలా?

కొత్త_డాలస్:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో ఫుట్‌బాల్ ఫైనల్ చూడటానికి స్నేహితులు, ఇరుగుపొరుగు వాళ్లు మా ఇంటికి వస్తున్నారు. వాళ్లలో సగం మంది బీఫ్ తినరు. అందుకని టర్కీ కోడి కీమా, బీన్స్ వేసి పెద్ద గిన్నెడు చిల్లీ, అంటే మామూలుగా బీఫ్, మిరపకాయలతో వండే ఇక్కడి చిక్కటి పులుసు, చేద్దామనుకుంటున్నాను. ఆఫీసులో ఈ మాట అనగానే ఇక్కడే టెక్సస్‌లో పుట్టి పెరిగిన సహోద్యోగి ఒకాయన, "బీన్స్ వేస్తే అది చిల్లీ కాదు, టర్కీ వేస్తే అసలే కాదు" అని తేల్చేశారు. చిక్కగా, కడుపు నిండేలా రావాలంటే ఏం చేయాలి? బీన్స్ సంగతి ఏం చేయమంటారు?

ఆస్టిన్_పాతకాపు:
మీ సహోద్యోగి చెప్పింది నిజం. 1977లో టెక్సస్ శాసనసభ చిల్లీని రాష్ట్ర వంటకంగా తీర్మానించింది. 1967లో ఇక్కడి టెర్లింగ్వా అనే ఊళ్లో మొదలైన చిల్లీ పోటీల సంప్రదాయంలో బీన్స్, పాస్తా, అన్నం లాంటివి వేస్తే ఆ గిన్నె పోటీకే పనికిరాదు. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఇంటి చిల్లీ ఎలా చేస్తారో ఆయన భార్య చీటీలు అచ్చు వేయించి మరీ పంచారు. అందులోనూ బీన్స్ లేవు. ఆంచో, గ్వాహీయో ఎండు మిరపకాయల గింజలు తీసి, పెనం మీద కమ్మటి వాసన వచ్చేవరకు వేయించి, వేడినీళ్లలో నానబెట్టి మెత్తగా రుబ్బుకోండి. ఆ ముద్దలో మాంసం ముక్కలు సన్నసెగ మీద రెండు మూడు గంటలు ఉడకాలి. చిక్కదనం దానంతటదే వస్తుంది. చాలకపోతే చివర్లో కొంచెం మాసా, అంటే సున్నంతో ఉడికించిన మొక్కజొన్న పిండి, నీళ్లలో కలిపి పోయండి. బీన్స్‌తో గిన్నె నింపాల్సిన అవసరం లేదు.

పల్నాటి_ఘాటు:
ఒక్క జాగ్రత్త. ఇక్కడి వంటల్లో 'మూడు చెంచాల చిల్లీ పౌడర్' అంటే మిరపపొడిలో జీలకర్ర, ఓరెగానో అనే ఎండు ఆకు, వెల్లుల్లి పొడి కలిపిన మసాలా అని అర్థం. ఇంటి నుంచి తెచ్చుకున్న గుంటూరు కారం ఆ లెక్కన వేస్తే ఎవరూ తినలేరు.

ఇల్లినాయ్_వంటిల్లు:
కొత్త_డాలస్ గారూ, మీరు అడిగింది టర్కీ, బీన్స్ చిల్లీ గురించి. దానికి జవాబు నేను చెబుతాను.

రెండు పౌండ్ల టర్కీ కీమా తీసుకోండి. 99 శాతం కొవ్వు లేనిది వద్దు, పిట్టు పిట్టుగా ఎండిపోతుంది. తొడ మాంసం కలిసినది, 85 శాతమో 93 శాతమో రాసి ఉన్నది కొనండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె బాగా కాగాక కీమా సగమే వేసి, పరిచి, నాలుగైదు నిమిషాలు గరిటె పెట్టకండి. మొత్తం ఒకేసారి వేస్తే నీరు ఊరి కీమా ఉడుకుతుంది తప్ప వేగదు. అడుగువైపు గోధుమరంగు పట్టి, గిన్నెకు అంటుకున్న పొర కనిపించాలి. రుచంతా ఆ పొరలోనే ఉంది. కీమా తీసి పక్కన పెట్టి, అందులోనే రెండు ఉల్లిపాయలు, ఒక క్యాప్సికం, వెల్లుల్లి వేయించండి. టమాటా పేస్ట్ రెండు చెంచాలు వేసి ఇటుకరంగు వచ్చేదాకా కలపండి. పొడులు నూనెలోనే వేగాలి. మూడు చెంచాల చిల్లీ పౌడర్, ఒక చెంచా జీలకర్ర పొడి, కొంచెం ఓరెగానో చాలు. ఆ తర్వాత 28 ఔన్సుల డబ్బా టమాటా, ఒక కప్పు చికెన్ స్టాక్ పోసి, కీమా మళ్లీ వేసి, ముప్పావుగంట సన్నసెగ మీద ఉంచండి. టర్కీ లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి అందాలి, అంతసేపు ఉడికితే అందుతుంది. చివరి ఇరవై నిమిషాల్లో రెండు డబ్బాల బీన్స్, ఒకటి రాజ్మా, ఒకటి బ్లాక్ బీన్స్, కడిగి వేయండి. అందులో ఒక కప్పు గరిటెతో మెదిపితే పులుసు చిక్కబడుతుంది. దించాక నిమ్మరసం పిండండి. ముందురోజే చేసి పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది.

బీన్స్ గిన్నె నింపడానికి వేసేవి కావు. టర్కీలో లేని నిండుదనం ఇచ్చేవి అవే.

రసాయన_పంతులు:
డబ్బావి అయితే పరవాలేదు. ఎండు రాజ్మా వాడేవాళ్లు ఇది చదవండి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకనివి నాలుగైదు గింజలు తిన్నా కొన్ని గంటల్లో వాంతులు పట్టుకోవచ్చు. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లించాలి. స్లో కుక్కర్‌లో నేరుగా వేయకండి, ఆ చాలీచాలని వేడికి విషం పోకపోగా పెరుగుతుంది. టమాటా పులుపు తగిలితే గింజ త్వరగా మెత్తబడదు కాబట్టి ముందు విడిగా ఉడికించుకోవాలి.

ఆస్టిన్_పాతకాపు:
ఇల్లినాయ్ గారూ, మీ వంట బాగుంటుందని ఒప్పుకుంటాను. టర్కీ, బీన్స్ కూర అనండి, పులుసు అనండి. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో ఊళ్లో ఎవరి వంటో దాని పేరు తెచ్చి దీనికి తగిలించడం ఎందుకు?

ఇల్లినాయ్_వంటిల్లు:
శాన్ ఆంటోనియో మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 19వ శతాబ్దం చివర్లో ఆ ఊరి కూడళ్లలో రాత్రిపూట పొయ్యిలు పెట్టుకుని చిల్లీ అమ్మినది మెక్సికన్ స్త్రీలు. చిల్లీతో పాటు బీన్స్ కూడా పెట్టేవాళ్లు. 1930లలో ఆరోగ్య నిబంధనల పేరు చెప్పి వాళ్ల పొయ్యిలు ఎత్తేయించారు. మూడు దశాబ్దాల తర్వాత ఎవరో పోటీ పెట్టి రాసుకున్న నియమం మీకు వేదమైంది. ఇంకో మాట. ఆవులు మెక్సికో, టెక్సస్ నేలకు స్పెయిన్ వాళ్లతో వచ్చాయి. టర్కీ, బీన్స్, మిరప, టమాటా అక్కడివే. మెక్సికోలో మోలే అనే మిరపకాయల సాస్‌లో టర్కీ వండటం పాత పద్ధతి. మరి ఎవరిది అసలు, ఎవరిది నకలు?

ఆస్టిన్_పాతకాపు:
పక్కన పెట్టేవాళ్లు, గిన్నెలో కలపలేదు. మోలే వేరే వంట. నియమం ఎప్పుడు రాసుకున్నారన్నది కాదు ప్రశ్న, ఆ ఊరివాళ్లు దాన్ని పాటిస్తున్నారా లేదా అన్నదే.

టర్కీ_అభిమాని:
మా పిల్లలు బీన్స్ లేకపోతే ముట్టరు.

ఇల్లినాయ్_వంటిల్లు:
ఆ ఊరివాళ్లు అన్నారు కదా. మేము ఈ దేశానికి వచ్చిన కొత్తలో నా భర్త ఆఫీసు విందుకు వెళ్లాం. బల్ల మీద ఆరు గిన్నెల చిల్లీ, ఒక్కదాని మీదా చీటీ లేదు. నేను బీఫ్ తినను అంటే, వడ్డించే ఆవిడ గరిటెతో మాంసం పక్కకు నెట్టి బీన్స్ మాత్రం తీసి నా పళ్లెంలో వేసింది. "ఇప్పుడు తినొచ్చు" అంది. అందరూ చూస్తున్నారు. ఆ పళ్లెం పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను. అప్పుడు నేర్చుకున్నాను ఈ వంట. ఇప్పుడు మా వీధిలో చలికాలం విందులకు నా గిన్నె లేకుండా ఉండదు. బీఫ్ తినని మన వాళ్లు, పంది మాంసం తినని పొరుగువాళ్లు అందరూ దాని దగ్గరికే వస్తారు. మీరు వచ్చి అది చిల్లీయే కాదంటే, నన్ను మళ్లీ ఆ బల్ల చివరికి పంపినట్టే.

ఆస్టిన్_పాతకాపు:
మీకు జరిగింది తప్పు. అందులో రెండో మాట లేదు. కానీ నేను బీఫ్ వైపు వాదిస్తున్నానని మీరెందుకు అనుకున్నారు? నేనూ బీఫ్ తినను. మేకమాంసంతో చేస్తాను, బీన్స్ లేకుండా.

నాకు నేర్పింది మా పక్కింటి పెద్దాయన. భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. శనివారాలు నన్ను కూర్చోబెట్టి మిరపకాయ ఎంతవరకు వేగాలో, ఎక్కడ చేదెక్కుతుందో చేత్తో పట్టుకుని చూపించారు. ఒకసారి మన వాళ్ల పండుగ విందుకు ఆయనను తీసుకెళ్లాను. ఆయన రాత్రంతా మేలుకుని నాతో కలిసి మేకమాంసం చిల్లీ వండారు. మన వాళ్లు మూత తీసి, "రాజ్మా లేదేమిటి, గరం మసాలా తక్కువైంది" అని ఆయన ఎదుటే ఇంగ్లీషులో అన్నారు. ఒకాయన మసాలా పొడి తెచ్చి గిన్నెలో చల్లేశారు, అడగకుండా. పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. మళ్లీ మా విందులకు రాలేదు. కూరగాయలు వేస్తే అది బిర్యానీయే కాదని గంటల తరబడి వాదిస్తామే, ఎదుటివాళ్ల వంటకు ఆ పాటి మర్యాద ఇవ్వలేమా?

పల్నాటి_ఘాటు:
ఆ మసాలా చల్లిన మనిషి మాత్రం క్షమాపణ చెప్పాల్సింది.

ఇల్లినాయ్_వంటిల్లు:
చెప్పాల్సిందే. అయితే ఆయన గిన్నెలో చేయి పెట్టడం వేరు, నా గిన్నె నేను పెట్టుకోవడం వేరు. మీ పెద్దాయనకు జరిగిన అవమానానికి నా బీన్స్ శిక్ష అనుభవించాలా?

ఆస్టిన్_పాతకాపు:
శిక్ష అనడం లేదు. 'టర్కీ, బీన్స్' అని ముందు చెప్పండి అంటున్నాను.

ఇల్లినాయ్_వంటిల్లు:
నా గిన్నె మీద ఎప్పుడూ చీటీ ఉంటుంది. 'టర్కీ, బీన్స్ చిల్లీ' అని పెద్ద అక్షరాలతో. చివరి మాట తీసేయను.

ఆస్టిన్_పాతకాపు:
నేను ఒప్పుకోను.

కొత్త_డాలస్:
ఇద్దరికీ ధన్యవాదాలు. టర్కీ, బీన్స్ గిన్నె ఒకటి ఖాయం. పాతకాపు గారూ, వీలైతే రెండో గిన్నెలో మీ మేకమాంసం చిల్లీ చేస్తాను. ఆంచో మిరపకాయలు ఎన్ని తీసుకోవాలి?

ఆస్టిన్_పాతకాపు:
మూడు పౌండ్ల మాంసానికి ఆరు ఆంచో, నాలుగు గ్వాహీయో. మెత్తగా వంగేవి ఏరుకోండి, పెళపెళలాడేవి పాతవి. వేయించేటప్పుడు పొగ రానివ్వకండి.

రసాయన_పంతులు:
డబ్బా రాజ్మానా, ఎండువా? అది చెప్పలేదు మీరు.