పెద్ద టెక్ కంపెనీలు పోటీ పడుతున్నాయా, పంచుకున్నాయా? సరిహద్దు ఊళ్లవాళ్లు చెప్పండి

పర్లాకిమిడి_నెట్‌సెంటర్:
బస్టాండు దగ్గర నాది చిన్న నెట్ సెంటర్. రీచార్జిలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, జెరాక్సు. మొన్న పాతపట్నం నుంచి ఒకాయన వచ్చి కొత్త ఫోను కౌంటరు మీద పెట్టాడు. "ఇందల నాను అడగని సామాను ఇరవై ఉన్నాది, తీసెయ్యి బాబూ" అన్నాడు. ఆ యాప్‌లలో సగం తీశాను. మిగతావి తీసే వీల్లేదు, ఆపి ఉంచడమే. "ఇల్లు కొన్నాక కూడా ముందున్నోడి మంచం తియ్యకూడదంటే ఎలగ?" అని గొణుక్కుంటూ పోయాడు. నాకు జవాబు తోచలేదు. వెతుకులాట ఒకరిది, కబుర్లు ఇంకొకరివి, కొనుగోళ్లు మరొకరివి. మరి పోటీ ఎక్కడుంది? మీ దుకాణాల్లో ఏం చూశారో రాయండి.

బరంపురం_పట్టు:
మాది పట్టుచీరల కొట్టు. అమ్మకాల్లో సగం ఫోన్‌లో ఫొటోలు చూసి అడిగేవాళ్లవే. నిరుడు మాఘమాసం పెళ్లిళ్ల వేళ మా పేజీ మూసేశారు (ఏ కంపెనీ అన్నది ఇక్కడ వద్దు). నిబంధన తప్పామన్నారు, ఏ నిబంధనో చెప్పలేదు. కొట్టు అద్దె దగ్గర గొడవైతే ఓనరు ఇంటికెళ్లి అరిచైనా రావచ్చు. ఇక్కడ కొట్టడానికి తలుపే లేదు, అన్నీ ఫారాలే. 11 రోజులకు దానంతట అదే తెరుచుకుంది. వేరే చోటికి మారదామంటే కొనేవాళ్లు అక్కడ లేరు.

గుణుపురం_కుర్రోడు:
అక్కా, అసలు చిక్కు ఆ చివరి మాటలోనే ఉంది. అందరూ ఉన్నారని అందరూ అక్కడే ఉంటారు. నేను బెంగళూరులో చిప్‌ల పనిలో ఉన్నాను. ఒకే పనిలో ఆరితేరడాన్ని నేను తప్పుపట్టను. ఎన్విడియా చిప్ గీస్తుంది, తయారు చెయ్యదు. ఆ పని తైవాన్‌లో టీఎస్‌ఎంసీది. దానికి కావలసిన, చిప్ మీద సన్నని గీతలు అచ్చువేసే ఈయూవీ యంత్రం ప్రపంచం మొత్తానికి నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే చేస్తుంది. ఏళ్ల తరబడి ఒకే పని పట్టుకుని కూర్చుంటే వచ్చిన చోటు అది.

కానీ ఇది చూడండి. ఐఫోన్‌లో వెతుకులాటకు తన పేరే ముందుండాలని 2022 ఒక్క ఏడాదిలో గూగుల్ యాపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు కట్టింది. అమెరికా కోర్టులో బయటపడ్డ లెక్క ఇది. పోటీకి రాగలిగినవాడికే మామూలిచ్చి కూర్చోబెట్టినట్టు! 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా అది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమేనన్నారు. మరుసటేడు శిక్ష దగ్గరికొచ్చేసరికి, ఇంకొకరికి చోటివ్వని ఒప్పందాలు వద్దన్నారు గానీ డబ్బు కట్టడం ఆపమనలేదు, క్రోమ్ అమ్మెయ్యమనీ అనలేదు.

ప్రాణహిత_ఒడ్డు:
మాది సిరొంచ. వంతెన లేనప్పుడు కాళేశ్వరం పోవాలంటే పడవే దిక్కు. పడవాయన ఎంతంటే అంత. వంతెన పడ్డంక ఎవలి బండి వాళ్లది. యూపీఐ గూడ గట్లనే వంతెన లెక్క వచ్చింది, 2016ల. బ్యాంకులు కలిసి పెట్టిన ఎన్‌పీసీఐ ఏసిన తొవ్వ, ఏ బ్యాంకైనా ఏ యాప్ అయినా పోవచ్చు. మా కిరాణంల నాలుగు స్టిక్కర్లు అతికించిన. పైసలు వచ్చుడు రెండింటికెళ్లే. దేశమంతా అదే కథ, ఫోన్‌పే, గూగుల్ పే కలిపి 80 శాతానికి పైనే. ఒక్క యాప్ 30 శాతం దాటొద్దని 2020ల ఎన్‌పీసీఐ అన్నది. గడువు 2022 ఆఖరు అన్నరు, తర్వాత 2024, ఇప్పుడు 2026 ఆఖరు. వంతెన అందరిది, నడిచే బస్సులు రెండే.

రాయగడ_లెక్కలమాస్టారు:
బస్సు బాగుంది కాబట్టి ఎక్కుతున్నాం నాయనా, ఎవరూ కొట్టి ఎక్కించలేదు. మనవరాలితో రోజూ వీడియోలో మాట్లాడుతున్నాను, పైసా కట్టలేదు. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడా నుంచి చిన్నరైలు వేయించారు. దాని పక్కన పోటీ పట్టాలు ఎవరైనా వేశారా? జనం ఎక్కారు, బాగుపడ్డారు.

గుణుపురం_కుర్రోడు:
మాస్టారూ, రాజావారు స్టేషన్లో చెప్పుల కొట్టు పెట్టి, వేరే కొట్టు చెప్పులతో వచ్చినవాళ్లని రైలెక్కనివ్వకపోతే ఏమనేవారు? పట్టాలు ఒక్కరివే అయినా సర్దుకోవచ్చు, చెప్పుల దగ్గరే నా పేచీ. 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయంలో మన దేశపు పోటీ కమిషన్ సీసీఐ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది అందుకే. జరిమానా వాళ్లకి లెక్క కాదు, ఆదేశాలే ముఖ్యం. 2023 జనవరిలో గూగుల్, తన యాప్‌లను ఫోన్ కంపెనీలు కట్టగా కాకుండా విడివిడిగా తీసుకోవచ్చని చెప్పాల్సి వచ్చింది. ఇక ఆ వీడియో అంటారా, 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ని 1,900 కోట్ల డాలర్లు పోసి కొంటానన్నది ధర్మానికి కాదు కదా.

రాయగడ_లెక్కలమాస్టారు:
ఆ కొనుగోలు మీద వేసిన కేసులో 2025 నవంబరులో అమెరికా కోర్టు ఫేస్‌బుక్ వాళ్లవైపే చెప్పింది. టిక్‌టాక్, యూట్యూబ్ పోటీ ఉన్నాయట. చెప్పుల మాట మాత్రం ఒప్పుకుంటాను.

ప్రాణహిత_ఒడ్డు:
గూగుల్ ప్లే స్టోర్‌కు ఎదురుగ 2024ల ఇండస్ అని యాప్‌ల దుకాణం తెరిచిందెవలు? ఫోన్‌పే! రెండు బస్సులల్ల ఒక బస్సాయనే. దాంట్ల పెద్ద వాటా వాల్‌మార్ట్‌ది. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్లిరుగుతయి.

పర్లాకిమిడి_నెట్‌సెంటర్:
బరంపురం అక్కా, ఆ 11 రోజులూ ఏం చేశారు?

బరంపురం_పట్టు:
మా అత్తగారి పాత ఆర్డర్ల పుస్తకం తీశాం. నూటపది నెంబర్లలో అరవై మంది ఫోనెత్తారు. అప్పట్నుంచి ప్రతి పార్శిల్లో కొట్టు నెంబరు చీటీ పెడుతున్నాను, సొంత వెబ్‌సైటుకి పేరు కూడా కొన్నాను. పేజీ మానలేదు, కొత్తవాళ్లు వచ్చేది అక్కడికే మరి. పుస్తకంలో ఒడియాలో రాసిన పేర్లు నాకు చదవడం రాదు. మావారు చదువుతుంటే పక్కన తెలుగులో రాసుకుంటున్నాను, ఇంకా సగం ఉన్నాయి.