పొసోలేలో మొక్కజొన్న గింజ విచ్చుకోవడం లేదు, ఎందుకు?

ప్రశ్న (భీమవరం):
మెక్సికో వాళ్ల ఎర్ర పొసోలే సూప్‌కి ఎండు మొక్కజొన్న 3 గంటలు ఉడికినా గింజ విచ్చుకోలేదు, పొట్టు గొంతుకి అడ్డం పడుతోంది. స్వీట్‌కార్న్ వాడొచ్చా? మిరపకాయలేవి?

జవాబు (అమలాపురం):
స్వీట్‌కార్న్ వద్దండి, సూప్ తియ్యగా అయిపోతుంది. మీ గింజకి సున్నం పడలేదు, అంతే. అరకిలోకి 2 లీటర్ల నీళ్లు, 2 చిన్న చెంచాల తాంబూలం సున్నం (సెంటు కలపనిది). స్టీలు గిన్నెలోనే, అల్యూమినియాన్ని సున్నం తినేస్తుంది. 20 నిమిషాలు మరిగించి, రాత్రంతా మూతపెట్టి వదిలేయండి. పొద్దున్నకి పొట్టు జిగురుగా జారుతుంది. అరచేతుల మధ్య నలిపి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఆ తర్వాత గింజ అడుగున ఉన్న ముక్కు గిల్లెయ్యాలి. విసుగు పనే, కానీ అది ఉంటే పువ్వులా విచ్చుకోదు.

జవాబు (రావులపాలెం):
విత్తనాల షాపు గింజలు మాత్రం కొనకండి, మందు పట్టించి ఉంటాయి. ఉప్పు గింజ మళ్లీ ఉడికి విచ్చాకే వెయ్యాలి.

జవాబు (కాకినాడ):
అక్కడ వేసేవి గ్వాహీయో, ఆంచో అనే ఎండుమిరపకాయలు. ఇక్కడైతే బ్యాడిగి, అరకిలో గింజలకి 12. గుంటూరు కాయతో మంట తప్ప ఆ రంగు రాదు. మిరపకాయల్లో గింజలు దులిపి, కాయల్ని పెనం మీద వేయించి వాసన రాగానే తీసెయ్యండి, నల్లబడితే చేదు. వేడినీళ్లలో 20 నిమిషాలు నాననిచ్చి, వెల్లుల్లితో రుబ్బి, వడగట్టి సూప్‌లో పొయ్యండి. ఎముకలున్న పంది మాంసం కిలో, నాటుకోడైనా సరే. పైన సన్నగా తరిగిన క్యాబేజీ, ముల్లంగి, ఉల్లి, ఒరెగానో, నిమ్మరసం. గరం మసాలా జోలికి పోకండి!