అనుక్రమానికి చివరి మజిలీ ఉందా?

తంగేడు: ఒక చోట మొక్కల రకాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరుసే అనుక్రమం: బోసి నేల మీద నాచు, గడ్డి, పొదలు, చివరికి ఆ శీతోష్ణస్థితికి తగిన అడవి. 1916లో అమెరికా వృక్ష పర్యావరణ శాస్త్రవేత్త క్లెమెంట్స్ చెప్పిన ఈ చరమ సముదాయం, అంటే ఇక మారని చివరి మొక్కల గుంపు, నేటికీ నిలిచే మాటే. అలాస్కాలో గ్లేసియర్ బే చూడండి. హిమనీనదం వెనక్కి తగ్గిన చోట ముందు డ్రయాస్ అనే నేలబారు మొక్క, తర్వాత ఆల్డర్ పొదలు, ఆపైన స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు. ఆల్డర్ వేరు బుడిపెల్లోని ఫ్రాంకియా బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తుంది. ఆ బలంతోనే స్ప్రూస్ లేస్తుంది.

రేగుపొద: ఆ వరుసలో చాలా భాగం ఒకే చోట ఏళ్ల తరబడి కొలిచి తెలుసుకున్నది కాదండీ. మంచు వదిలి 20 ఏళ్లయిన చోటు, 100 ఏళ్లయిన చోటు, 200 ఏళ్లయిన చోటు పక్కపక్కన పెట్టి ఒకే కథగా కుట్టారు. అది చెల్లాలంటే మొదట్లో అన్నిచోట్లా ఒకే రకం విత్తనాలు పడి ఉండాలి. పరిశోధకుడు ఫాస్టీ చెట్ల కోర్లు (కాండంలోకి తొలిచి తీసే సన్నని చెక్క పుల్లలు) తీసి వలయాలు లెక్కపెట్టి 1995లో చూపించింది వేరు: 1840కి ముందే మంచు వదిలిన చోట్ల స్ప్రూస్ తొందరగానే వచ్చింది, దట్టమైన ఆల్డర్ దశ లేకుండానే. విత్తనాలిచ్చే చెట్లు ఎంత దూరంలో ఉన్నాయన్నదే పెద్ద తేడా. ఇక్కడో జాగ్రత్త: కోరు ఛాతీ ఎత్తులో తీస్తే, మొక్క అంత ఎత్తు ఎదగడానికి పట్టిన ఏళ్లు లెక్కలోంచి జారిపోతాయి. ఏది ముందు వచ్చిందన్నదే తారుమారవుతుంది. నేలకు వీలైనంత దగ్గరగా తీయాలి, కాండం నడిబొడ్డు తగలాలి.

తంగేడు: దారులు వేరని ఒప్పుకుంటాను. చేరేది మాత్రం స్ప్రూస్ అడవికే కదా? ఆల్డర్ సాయమూ అబద్ధం కాదు.

నల్లతుమ్మ: సాయం నిజమే, అడ్డు కూడా నిజమే. ఆల్డర్ నీడ, రాలిన ఆకుల పొర స్ప్రూస్ మొలకలను నిలవనివ్వవు. నిలదొక్కుకున్న మొక్కకేమో నత్రజని అందుతుంది. అందుకే పరీక్ష పెట్టేవాళ్లు లెక్కపెట్టిన విత్తనాలు చల్లి మొలకెత్తినవి, బతికినవి, ఎదిగిన ఎత్తు విడివిడిగా రాసుకోవాలి. మూడూ కలిపి ఒక్క అంకె చేస్తే సాయం, అడ్డు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏ ప్రభావమూ లేనట్టు కనిపిస్తుంది. ఆల్డర్ కొట్టేసి పోల్చడంలోనూ చిక్కుంది: నేలలో మిగిలిన వేర్లు కుళ్లుతూ నత్రజని వదులుతూనే ఉంటాయి.

ఇక చేరే చోటు సంగతి. న్యూజిలాండ్‌లో ఫ్రాంజ్ జోసెఫ్ హిమనీనదం వదిలిన నేలల వయసు కొన్నేళ్ల నుంచి దాదాపు 1,20,000 ఏళ్ల దాకా ఉంది. అక్కడ అడవి ఎదిగి, ఆ తర్వాత తరుగుతుంది. నత్రజనిని గాలి నుంచి తెచ్చుకోవచ్చు; ఫాస్ఫరస్ రాతిలోంచే రావాలి. వానలకు కొంత కొట్టుకుపోయి, మిగిలిందాంట్లో చాలా భాగం వేర్లకందని రూపాల్లో బిగుసుకుపోయాక చెట్లు కురచబడతాయి. శీతోష్ణస్థితి అదే, నేల మాత్రం ముసలిదైంది. మీరు చివరిదంటున్న అడవి ఎదిగి తరిగే ఈ గీత మీద నడిమి ఎత్తు మాత్రమే.