నాన్నగారి పిల్లల పుస్తకాలు: యూనివర్సిటీకా, ఊరి బడికా?

రేపల్లె వాసి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. ఆయన పోయాక ఒక చెక్క బీరువా, రెండు ట్రంకుపెట్టెల నిండా పిల్లల పుస్తకాలు మిగిలాయి. రేడియో అన్నయ్య, అక్కయ్య (న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు) నడిపిన 'బాల' పత్రిక సంచికలు కొన్ని, ఏడాదికొక సంపుటంగా బైండు చేయించిన చందమామలు, బాలమిత్ర, బొమ్మరిల్లు విడి సంచికలు, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, వారపత్రికల్లోంచి చింపి దారంతో కుట్టుకున్న పిల్లల పేజీలు ఉన్నాయి. ఇల్లు అమ్మేశాం, సంక్రాంతిలోపు ఖాళీ చేయాలి.

ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీవాళ్లు తీసుకుంటామన్నారు. పరిశోధన విభాగంలో పెడతారట. ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చూసుకోవాలి, చిన్నపిల్లల్ని రానివ్వరు. మా అక్కయ్యేమో నాన్న చదువు చెప్పిన బడికే ఇవ్వాలని పట్టుబట్టింది. "పిల్లల కోసం కొన్నవి పిల్లలు ముట్టుకోకుండా తాళం వేయిస్తావా?" అంటోంది. ఎటూ తేలడం లేదు. ఈ వ్యవహారం తెలిసినవాళ్లు చెప్పండి.

ఖమ్మం టీచరు:

బడికే ఇవ్వండి అన్నా. మా ప్రైమరీ స్కూలుకి ఒకాయన పాత మాస్కో పుస్తకాలు ఓ సంచిలో తెచ్చిచ్చారు. ఆ దళసరి కాగితం, ఆ రంగులు చూసి పిల్లలు వదల్లేదు. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె ఎలుగుబంటి బొమ్మ ఉన్న పేజీ తెరిచి, ఇంకా చదవడం రాని ఒకటో తరగతి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, బొమ్మ మీద వేలు పెట్టి కథంతా చెప్పింది. పుస్తకంలో లేని మాటలు కూడా కలిపింది. యూనివర్సిటీకి వెళ్లిన పుస్తకానికి ఆ యోగం పడుతుందా?

మా మేనమామ తన పుస్తకాలన్నీ ఒక కాలేజీకి ఇచ్చారు. శాలువా కప్పారు, ఫొటో దిగారు. కొన్నాళ్లకి వెళ్లి అడిగితే మెట్ల కింద గోనెసంచుల్లో ఉన్నాయి. మూతి కూడా విప్పలేదు. మీ నాన్నగారి పుస్తకాలకీ అదే గతి పట్టకూడదు.

రిటైర్డ్ లైబ్రేరియన్, గుంటూరు:

టీచరు గారి బాధలో న్యాయం ఉంది. అయినా నేను యూనివర్సిటీ వైపే మాట్లాడతాను, ఎందుకో చెబుతాను.

పిల్లల లైబ్రరీలో పుస్తకం చిరిగిందంటే అది తన పని చేసినట్టే. అట్ట ఊడుతుంది, కుట్టు వదులవుతుంది. రిజిస్టర్లో కొట్టేసి కొత్త ప్రతి కొనాలి. అలా కొనగలిగిన పుస్తకాలే పిల్లల చేతికి ఇవ్వాలి. 'బాల' 1945లో మొదలై 1959లో ఆగిపోయిన పత్రిక. ఆ కాలం న్యూస్‌ప్రింటు ఇప్పుడు ఎలా ఉంటుందో రేపల్లె వాసి గారికి తెలిసే ఉంటుంది. పేజీ మూల మడిస్తే మడత దగ్గర విరిగి చేతిలోకి వస్తుంది. కలరా ఉండలు వేసినంత మాత్రాన కాగితంలో ఉన్న ఆమ్లం పోదు. అలాంటి సంచిక నలభైమంది పిల్లల మధ్య ఒక వేసవి దాటదు.

"ఎక్కడో ఒకచోట ప్రభుత్వం దాచే ఉంటుందిలే" అనుకునేవాళ్లకి ఒక మాట. అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకి, ముంబయి, ఢిల్లీల్లోని రెండు లైబ్రరీలకి పంపాలన్న చట్టం వచ్చింది 1954లో. 'బాల' అప్పటికి తొమ్మిదేళ్ల పత్రిక. చందమామ 1947 జూలై నుంచి వస్తోంది. ఆ తొలి ఏళ్ల సంచికలు ఈ చట్టం కిందికి రానే రావు. ఇళ్లలో ఉన్నవే దిక్కు.

ఇంకోటి. బడికిస్తే పిల్లల చేతికే వెళ్తాయని గ్యారంటీ ఏముంది? పుస్తకం స్టాక్ రిజిస్టర్లో ఎక్కిందంటే, పోయినప్పుడు డబ్బు కట్టాల్సింది ఇన్‌ఛార్జి టీచరు. ఆ భయంతో బీరువాకి తాళం వేసే బళ్లు నేను ఉద్యోగంలో ఉండగా ఎన్నో చూశాను.

ఖమ్మం టీచరు:

సార్, తాళం వేసే బళ్లు ఉన్నాయి, కాదనను. తెరిచి ఉంచే బళ్లు కూడా ఉన్నాయి, మాది ఒకటి.

మిన్నియాపోలిస్ నుంచి:

నేనుండే ఊళ్లో, మిన్నెసోటా యూనివర్సిటీలో కెర్లన్ కలెక్షన్ అని పిల్లల సాహిత్యానికే ప్రత్యేకమైన భాండాగారం ఉంది. ఇర్విన్ కెర్లన్ అనే డాక్టరు వాషింగ్టన్‌లో ఉద్యోగం చేస్తూ పిల్లల పుస్తకాలు సేకరించేవాడు. 1949లో తను చదువుకున్న ఈ యూనివర్సిటీకి ఇచ్చాడు. ఆయన పుస్తకాలతో ఆగలేదు. రచయితలకీ చిత్రకారులకీ ఉత్తరాలు రాసి చిత్తుప్రతులు, అసలు బొమ్మలు అడిగాడు. ఇప్పుడు అక్కడ లక్షకు పైగా పుస్తకాలున్నాయి. వాటిని దాచింది మిసిసిపీ నది ఒడ్డున రాతి కొండని తొలిచి కట్టిన గుహల్లో. ఎండాకాలమైనా, మంచు పడినా లోపల వేడి, తేమ ఒకేలా ఉంటాయి.

వెళ్లి చూశాను. ఫలానా పెట్టె కావాలని ముందు రాసి పెడితే తెచ్చి బల్ల మీద పెడతారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. నేను అడిగిన ఫోల్డర్లో ఒక బొమ్మల పుస్తకం నమూనా ఉంది. తెల్ల కాగితాలు మడిచి కుట్టింది, బొమ్మలు పెన్సిల్ గీతలు. ఒక పేజీలో నాలుగు వాక్యాలు రాసి మూడు కొట్టేశారు. పక్కన ఎడిటర్ చేతిరాత, 'ఇది బొమ్మే చెబుతోంది' అన్న అర్థంలో. పిల్లల కోసం రాయడం ఎలాగో ఆ ఒక్క పేజీ చూస్తే తెలుస్తుంది. అచ్చు పుస్తకంలో ఆ మూడు వాక్యాలు ఉండవు కదా.

మిసిసిపీ రాష్ట్రంలో హాటీస్‌బర్గ్ అనే చిన్న ఊళ్లోనూ ఇలాంటిదే ఉంది. 1966లో లీనా డి గ్రమండ్ అనే ప్రొఫెసరు మొదలుపెట్టారు. ఆవిడా ఉత్తరాలు రాసి అడిగినావిడే. 1940లో జర్మన్ సైన్యం రాకముందు సైకిళ్ల మీద పారిస్ వదిలి బయటపడిన రే దంపతులు, క్యూరియస్ జార్జ్ అనే కోతిపిల్ల బొమ్మల పుస్తకాలు చేసినవాళ్లు, వాళ్ల కాగితాలు ఇప్పుడు ఆ ఊళ్లో ఉన్నాయి.

మన దగ్గర ఆలోచించండి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు ఆయన పేరు లేకుండానే వచ్చాయి. కొడవటిగంటి కుటుంబరావు గారు చందమామలో సంపాదక బాధ్యత చూస్తూ 1952 నుంచి 1980లో పోయేదాకా ఎన్ని కథలు తిరగరాశారో అచ్చు ప్రతి చూస్తే తెలియదు. ఎవరి కథ, ఎవరి కలం అన్నది చిత్తుప్రతి దొరికితేనే తేలుతుంది. పిల్లల పత్రికలో పనిచేసిన వాళ్ల ఇళ్లలో అలాంటి కాగితాలుంటే పాత పేపర్ల కొట్టుకి వేయొద్దని ఈ వేదికలో అందరినీ వేడుకుంటున్నాను.

కృష్ణా జిల్లా చదువరి:

గుహలు, ఏసీలు అమెరికాలో. ఇక్కడ ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి ఇవ్వకుండా బకాయి పెడుతున్నాయి. ఉన్న లైబ్రరీలకే కొత్త పుస్తకం కొనే దిక్కు లేదు. పిల్లల సాహిత్యం మీద పీహెచ్‌డీలు వస్తాయి, పిల్లలకి పుస్తకం రాదు. వాళ్ల అక్కయ్య గారి మాటే నాకు నచ్చింది.

పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్:

పీహెచ్‌డీ అంటే పిల్లలకి సంబంధం లేని పని అన్నట్టు రాశారు, అందుకే నా పని చెబుతాను. 1950ల నుంచి 80ల దాకా వచ్చిన పిల్లల పత్రికల్లో కుమ్మరి, చాకలి, పాలేరు, ఇంట్లో పనిచేసే ఆడమనిషి ఎలా కనిపిస్తారు, వాళ్లకి కథలో పేరుందా, వాళ్ల పిల్లలు కథానాయకులైన కథలు ఎన్ని? ఇదీ నేను చూస్తున్నది.

దీనికి మంచి కథలు ఏరి వేసిన సంకలనం పనికిరాదు. అన్నీ కావాలి. విస్కాన్సిన్ యూనివర్సిటీలో 1963 నుంచి పిల్లల పుస్తకాల కేంద్రం ఒకటి నడుస్తోంది. ప్రచురణకర్తలు కొత్త పుస్తకాలు అక్కడికి పంపుతారు. 1985లో అక్కడి లైబ్రేరియన్లు లెక్కపెడితే, ఆ ఏడాది అమెరికాలో వచ్చిన దాదాపు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18. ఆ అంకె బయటికి చెప్పాక ప్రచురణకర్తలు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఏటా లెక్క తీస్తూనే ఉన్నారు. పుస్తకాలన్నీ ఒక గదిలో ఉన్నాయి కాబట్టి లెక్క తేలింది. తెలుగులో ఆ లెక్క ఎవరు తీస్తారు? దళితవాడ పిల్ల తన ముఖం ఉన్న బొమ్మల పుస్తకం ఎప్పుడు చూసింది అని అడగాలంటే, ముందు ఏమేం అచ్చయ్యాయో చూడగలగాలి.

చెడ్డ కథలు కూడా నాకు కావాలి. నల్లగా ఉన్నవాణ్ని, నత్తివాణ్ని, పొట్టివాణ్ని ఎగతాళి చేసే కథలు పాత పత్రికల్లో ఉన్నాయి. టీచరు గారూ, వాటిని మీ తరగతిలో పెడతారా? పెట్టరు, పెట్టకూడదు. పారేస్తే మాత్రం మనం పిల్లలకి ఏం నేర్పామో దానికి సాక్ష్యం ఉండదు. వాటికి తగిన చోటు పరిశోధన లైబ్రరీయే.

రేపల్లె వాసి గారూ, మీరు చివర్న చెప్పిన విడి సంచికలు, చింపి కుట్టిన పేజీలు బైండు చందమామల కన్నా నాకు ఎక్కువ పనికొస్తాయి. బైండింగువాళ్లు అట్టలు, ప్రకటనల పేజీలు పీకేసి, అంచులు కోసి కుడతారు. వడ్డాది పాపయ్య గారి అట్ట బొమ్మలు అలా ఎన్నో పోయాయి. పిల్లల పత్రికలో ఏ బిస్కెట్ల ప్రకటన వేశారు, చందా ఎంత, ఏ ఊరి పిల్లలు ఉత్తరాలు రాశారు, ఇవన్నీ విడి సంచికలోనే మిగులుతాయి.

కృష్ణా జిల్లా చదువరి:

అమ్మా, మీ పని చులకన చేయాలని కాదు. అన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెడితే సరిపోదా? అసలు ప్రతులు బడికిచ్చేయొచ్చు.

పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్:

చందమామ పాత సంచికలు ఆ కంపెనీ సైట్‌లోనే ఉండేవి. కంపెనీ మూతపడింది, సైటూ పోయింది. అప్పట్లో దించుకున్నవాళ్ల దగ్గరే ఇప్పుడు దొరుకుతున్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు నేను రోజూ వాడతాను. పేజీలు వంకర, బొమ్మలు మసిబారి ఉంటాయి, రంగు అట్ట నలుపు తెలుపులో వస్తుంది. స్కాన్ తప్పకుండా చేయాలి. అసలు ప్రతి కూడా ఉండాలి.

రేపల్లె వాసి:

ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న పెట్టెలు విప్పి చూశాను. 'బాల' సంచికల్లో అట్టలు పోయినవి తక్కువే. చాలా పుస్తకాల్లో మేమిద్దరం చిన్నప్పుడు గీసిన పిచ్చిగీతలున్నాయి. ఒక రాజుకి అక్కయ్య పెన్నుతో కళ్లజోడు పెట్టింది. వీటిని యూనివర్సిటీవాళ్లు తీసుకుంటారా, పాడైనవని పక్కన పెడతారా?

మిన్నియాపోలిస్ నుంచి:

ఫ్లోరిడా యూనివర్సిటీలోని బాల్డ్విన్ లైబ్రరీ సంగతి చెబుతాను. రూత్ బాల్డ్విన్ 1977లో తన సొంత సేకరణతో అక్కడికి వచ్చారు. పాత పుస్తకాల వ్యాపారులు తళతళలాడే ప్రతులకి ఎగబడితే, ఆవిడ పిల్లలు వాడిన పుస్తకాలు ఏరి కొన్నారు. పేర్లు రాసుకున్నవి, రంగులు పూసినవి కూడా. అవి చూస్తేనే పిల్లలు నిజంగా ఏం చదివారో తెలుస్తుంది. మీ అక్కయ్య గారు పెట్టిన కళ్లజోడుని రబ్బరుతో రుద్దనివ్వకండి.

రిటైర్డ్ లైబ్రేరియన్, గుంటూరు:

తీసుకోం అంటే వాళ్లకే నష్టం. ఇక పని మాట. టీచరు గారి మేనమామ గారికి జరిగింది మీకు జరక్కుండా చూసుకోవాలి. పుస్తకాలు లారీ ఎక్కే ముందే జాబితా తయారవ్వాలి. పత్రిక పేరు, నెల, సంవత్సరం, అట్ట ఉందా లేదా. మీరొక ప్రతి, వాళ్లొక ప్రతి, రెండింటి మీదా సంతకాలు. దానపత్రంలో మూడు సంగతులు రాయించండి. ఏడాదిలోపు క్యాటలాగులో ఎక్కించాలి. ఎక్కించకపోతే పుస్తకాలు తిరిగి తీసుకునే హక్కు మీకుండాలి. యూనివర్సిటీ బయటివాళ్లు కూడా గుర్తింపు కార్డు చూపించి చదువుకునే వీలుండాలి. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న పుస్తకం భద్రత కోసం డిజిటల్ ప్రతి దాచుకోవచ్చు. అందరికీ నెట్‌లో పెట్టాలంటే వేరు, రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. ఈ తేడా వాళ్లకి తెలుసో లేదో అడగండి. దాన్నిబట్టి అక్కడ పని తెలిసినవాళ్లున్నారో లేదో కూడా తేలుతుంది.

మీ పేరుతో బోర్డు పెడతామంటారు. జాబితా దగ్గర మాత్రం రాజీపడకండి.

బడి సంగతి కూడా చెబుతాను. పండితుడు గారి పేరు మీద బడికి ఇవ్వాల్సింది కొత్త పుస్తకాలు. మన ఇంట్లో ఖాళీ చేసిన పాత పేపరు వాసన పుస్తకాలతో ప్రభుత్వ బడి పిల్లలు సరిపెట్టుకోవాలా? 'మంచి పుస్తకం' ప్రచురణల వాళ్లవి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి చవకలోనే దొరుకుతున్నాయి. ఇల్లు అమ్మిన డబ్బులో కొంచెం అటు పెట్టండి, అక్కయ్య గారు ఏరి కొంటారు.

ఖమ్మం టీచరు:

కొత్త పుస్తకాల మాట బాగుంది సార్, దానికి ఒప్పుకుంటాను. పాతవాటి మీద నా మాట మాత్రం మారలేదు. రెండు ప్రతులున్న మాస్కో పుస్తకాలు యూనివర్సిటీకి రెండూ ఎందుకు? ఒకటి బడికి రావాలి, చిరిగితే చిరగనీ. దానపత్రంలో నాలుగో మాట కూడా రాయించండి అన్నా. మాలాంటి టీచర్లు ముందుగా చెబితే తరగతి పిల్లల్ని తీసుకొచ్చి ఆ 'బాల' సంచికల్ని బల్ల మీద చూపించడానికి ఒప్పుకోవాలి. చేతులు కడిగించి తీసుకొచ్చే పూచీ నాది. ఒప్పుకోం అంటే ఎందుకో రాతపూర్వకంగా చెప్పమనండి.